మీట ఎవరి చేతిలో?



మన పాలమూరు ఇలాకాలో ఇల్లు తెలివి నేర్వకముందే పొలంలోని బోరుమోటారు తెలివి నేర్చింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది ఇంట్లోని దీపాలను, ఫ్యాన్లను, గీజరును, కెమెరాను ఇంటర్నెట్‌తో కలిపి ఎక్కడినుండో నడిపించే ఏర్పాటు గురించి. ఇది హైదరాబాదు అపార్టుమెంట్ల వారి వైభోగమనీ, నాగర్‌కర్నూల్‌లో ఉన్న మనకెందుకనీ కొందరు అనవచ్చు. కాని దీని అక్క మన ఊళ్ళలో చాలా కాలంగానే ఉంది.

మన వైపు బావులు ఎండి బోర్లు వచ్చినవి. కరెంటేమో కొన్ని గంటలే, అదీ పగలు కొంత, రాత్రి కొంత. రాత్రి కరెంటు వచ్చే వేళకు మగవారు బ్యాటరీలైటు పట్టుకొని పొలానికి పోయేవారు. పాము కరుస్తుందో, తడిచేతికి షాకు కొడుతుందో అని ఇంటిదగ్గర ఆడవాళ్ళకు నిద్ర ఉండేది కాదు. ఆ బాధ పడలేక ఆటోస్టార్టర్లు పెట్టుకొన్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడుస్తుంది. అయితే ఊళ్ళోని మోటార్లన్నీ ఒక్కసారే లేచి కూర్చుంటే ట్రాన్స్‌ఫార్మరు ఏం కావాలి? కాలిపోయేది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, ఈ ఆటోస్టార్టర్లు తీసివేయండి, లేకపోతే అవసరం లేకున్నా మోటార్లు నడిచి భూమిలోని నీళ్ళన్నీ ఖాళీ అవుతాయి అని ప్రభుత్వమే ఊరూరా చెప్పించింది.

మొబైల్ స్టార్టరు దీనికన్నా బుద్ధిమంతురాలు. స్టార్టరు డబ్బాలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. మంచంమీద కూర్చుని దానికి ఫోను చేస్తే మోటారు ఆన్ అవుతుంది, మళ్ళీ చేస్తే ఆగుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, బోరులో నీళ్ళు అయిపోయినా తనంతట తానే ఆపుకొని కబురు చెప్పేవి కూడా ఉన్నవి. పూణేకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ గారు చేసిన 'నానో గణేశ్' అనే ఇటువంటి పరికరానికి 2009లో నోకియా కంపెనీవారి బహుమతి వచ్చింది. తర్వాత బెంగుళూరు వారి 'కిసాన్ రాజా' వంటివి వచ్చినవి.

ఇక్కడ నేను రెండు సంగతులు గమనించాను. ఒకటి, ఎంత ఫోనుతో నడిచినా ఆ డబ్బామీద పచ్చబొత్తాము, ఎర్రబొత్తాము అలాగే ఉన్నవి. వాటిని ఎవ్వరూ పీకలేదు. రెండవది ఇంకా ముఖ్యమైనది. ఆ స్టార్టరు ఏ నంబరు మాట వినాలో ముందే దానిలో ఎక్కిస్తారు. చాలాచోట్ల ఎక్కించింది ఇంటి యజమాని నంబరు ఒక్కటే. ఆయన పనికోసం బొంబాయికో, పూణేకో, హైదరాబాదుకో వలస పోతాడు. పొలంలో నీళ్ళు కట్టేది ఇల్లాలు. ఆమె ఫోను చేస్తే మోటారు వినదు! ఆయనకు చెప్పి ఆయనచేత చేయించాలి. ఆయన పనిలో ఉండి ఫోను ఎత్తకపోతే? నడుచుకుంటూ పోయి పచ్చబొత్తాము నొక్కుతుంది. బొత్తాము ఉంది కాబట్టి సరిపోయింది.

మన ఇళ్ళలోకి ఇప్పుడు వస్తున్న సామాను విషయంలోనూ నేను అడిగేది ఈ రెండే. చేతితో నొక్కే బొత్తాము మిగిలిందా? ఎవరి మాట వినాలని దానికి చెప్పిపెట్టారు?

ముందు అసలు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. బజారులో వైఫై బల్బు దొరుకుతుంది, స్మార్ట్ ప్లగ్గు దొరుకుతుంది, గోడలో బిగించే స్విచ్చి దొరుకుతుంది. బల్బు ఒక కంపెనీది, ప్లగ్గు ఇంకొక కంపెనీది, గేటు దగ్గరి కెమెరా మరొక కంపెనీది అవుతుంది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క యాప్, ఒక్కొక్క పాస్‌వర్డు. ఒకదాని భాష ఇంకొకదానికి రాదు. వీటన్నిటినీ ఒక్కచోట కూర్చోబెట్టి మాట్లాడించి, ఆ మాటను ఇంటర్నెట్‌కు అందించే సాఫ్ట్‌వేరు ఒకటి కావాలి. దానిని గేట్‌వే అంటారు. నేనైతే దుబాసీ అంటాను. వెనుకటి రోజుల్లో దొరవారి మాట రైతుకు, రైతు మాట దొరవారికి చెప్పేవాడు కదా, అటువంటివాడు. దుబాసీ మంచివాడైతే ఇద్దరికీ మేలు. వాడు అలిగి పండుకుంటే దొరకూ తెలియదు, రైతుకూ తెలియదు.

ఈ దుబాసీ ఎక్కడ ఉంటాడన్నదే అసలు ప్రశ్న. చాలా కంపెనీల ఏర్పాటులో అతను మన ఇంట్లో ఉండడు. మీరు మంచంమీద పడుకొని ఫోనులో బల్బు బొమ్మ నొక్కారనుకోండి. ఆ ఆజ్ఞ మీ ఇంటి రౌటరు లోనుండి తీగెల వెంబడి ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరుకు పోతుంది. అక్కడ ఇది ఎవరి ఖాతా, ఏ బల్బు అని చూసుకొని, మళ్ళీ అంత దూరమూ తిరిగివచ్చి నాలుగడుగుల దూరంలోని బల్బును వెలిగిస్తుంది. పక్క గదిలోని కోడలికి చెప్పవలసిన మాటను బొంబాయిలోని మేనత్తకు చెప్పి, ఆమెచేత కోడలికి చెప్పించినట్లు! ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది గనుక మనకు తెలియదు.

ఆ సర్వర్లు అంటే ఏ మబ్బుల్లోనో ఉండవు, 'క్లౌడ్' అని పేరు పెట్టారు గాని. అవి పెద్దపెద్ద గోడౌన్లవంటి భవనాలు. అమెజాన్ వారి కంప్యూటర్ కేంద్రాలు 2022 నవంబరులో హైదరాబాదు పేరుతో పని మొదలుపెట్టినవి. వాటికోసం తీసికొన్న స్థలాలలో కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట ఒకటి. కల్వకుర్తి మీదుగా శ్రీశైలం రోడ్డున హైదరాబాదుకు పోయే మన బస్సు ఆ దరిదాపుల్లోనుండే పోతుంది.

దూరపు దుబాసీ పండుకుంటే ఏమవుతుందో చెప్తాను. అమెరికాలో రివాల్వ్ అనే పెట్టె ఒకటి ఉండేది. ఇంట్లోని దీపాలు, తాళాలు అన్నిటినీ కలిపే పెట్టె. వెల 300 డాలర్లు. 2014లో ఆ కంపెనీని గూగుల్ వారి నెస్ట్ కంపెనీ కొన్నది. 2016 మే నెలలో సర్వరు మూసేశారు. పెట్టె చెడిపోలేదు, తీగె తెగలేదు, అయినా కొన్నవారి ఇళ్ళలో అది ఉత్త డబ్బా అయిపోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే ఇంకొక కంపెనీ ముందు చెప్పనైనా చెప్పకుండా సర్వర్లు ఆపివేసింది. తర్వాత వాడకందారులే కొందరు కలిసి దానిని కొనుక్కొని నడిపించుకున్నారు. ఇక 2025 అక్టోబరు 20న అమెజాన్ వారి కంప్యూటర్ కేంద్రాల్లో ఒకచోట లోపం వస్తే, ఎక్కడెక్కడివారికో అలెక్సా పలకలేదు, గేటు కెమెరాలు పనిచేయలేదు. వేడిని, చల్లదనాన్ని తామే చూసుకొనే పరుపులు కొన్నవారికి ఆ రాత్రి నిద్రకూడా సరిగ్గా పట్టలేదట. పరుపుకు ఇంటర్నెట్ ఎందుకమ్మా అని మా అత్తమ్మ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

దుబాసీని ఇంట్లోనే కూర్చోబెట్టే పద్ధతి కూడా ఉంది. కాయ్ క్రూట్సర్ అనే జర్మను ఇంజనీరు 2010లో మొదలుపెట్టిన 'ఓపెన్ హ్యాబ్', పౌలస్ స్కౌట్‌సెన్ అనే డచ్చి యువకుడు 2013లో మొదలుపెట్టిన 'హోమ్ అసిస్టెంట్' అటువంటివి. ఈ సాఫ్ట్‌వేర్లకు నయాపైసా ఇవ్వనక్కరలేదు. సబ్బుపెట్టె అంత కంప్యూటరులో పెట్టి రౌటరు పక్కన ఉంచితే చాలు. ఊరికి పోయినప్పుడు ఫోనులో చూసుకోవాలంటే ఆన్‌లైన్ లింకు కలుపుకోవచ్చు. వద్దనుకుంటే తెంపుకోవచ్చు. లింకు తెగినా ఇంట్లో దీపాలు మామూలుగా వెలుగుతాయి. అయితే ఇది పెట్టడానికి కొంచెం చదువుకున్న పిల్లవాడి సాయం కావాలి, నెలకొకసారి చూసుకోవాలి. మన ఊళ్ళో పాలిటెక్నిక్ పిల్లలు ఓపికగా నేర్చుకుంటే ఇది వారికొక పని అవుతుందని నాకనిపిస్తుంది. కంపెనీలన్నీ ఒకే భాష మాట్లాడాలని 2022 అక్టోబరులో 'మ్యాటర్' అనే ఒప్పందం కూడా వచ్చింది. డబ్బామీద ఆ గుర్తు ఉన్న పరికరాలు ఇంటర్నెట్ లేకున్నా ఇంటి లోపల పనిచేయగలవు, ఒక కంపెనీది ఇంకొక కంపెనీదానితో కలుస్తుంది. కొనేటప్పుడు ఆ గుర్తు అడగండి.

ఇక మన ఇంటి అవసరాల సంగతి. అందరూ ముందుగా అడిగేది గీజరు. పొద్దున లేవకముందే నీళ్ళు కాగి ఉంటే ఎంత బాగుండు అని. బాగానే ఉంటుంది. కాని మామూలు గీజరు 2000 వాట్లది. అంటే దాదాపు 9 ఆంపియర్ల కరెంటు తాగుతుంది. బజారులో చౌకగా వచ్చే స్మార్ట్ ప్లగ్గులు కొన్ని 6 ఆంపియర్లవే. దానికి గీజరు తగిలిస్తే వేడెక్కి ప్లగ్గు కరుగుతుంది, ఇంకా ఏమైనా కావచ్చు. 16 ఆంపియర్లది అని రాసి ఉంటేనే తీసుకోండి. మరి, 15 లీటర్ల గీజరు చలికాలంలోనైనా 20 నిమిషాలకు అటూ ఇటూగా కాగుతుంది. పొద్దున లేచి స్విచ్చి వేసి, పాలు పొయ్యిమీద పెట్టి, వాకిలి ఊడ్చి వచ్చేసరికి నీళ్ళు కాగి ఉంటాయి. అంతమాత్రానికి ఒక సర్వరు కావాలా అన్నది మీరే ఆలోచించుకోండి.

ఓవర్‌హెడ్ ట్యాంకు నిండి నీళ్ళు పొర్లడం మన అందరి బాధ. దానికి నీటిమట్టం చూసి మోటారును ఆపే చిన్న పరికరం ఉంది. దానికి ఇంటర్నెట్ అక్కరలేదు, ఫోనూ అక్కరలేదు. రాత్రి స్నానాలగదికి పోయేటప్పుడు మనిషి అలికిడికి వెలిగే దీపం కూడా అంతే. ముసలివాళ్ళున్న ఇంట్లో నేను మొట్టమొదట పెట్టమనేది దాన్నే.

పాత ఇళ్ళవారు ఇంకొకటి చూసుకోవాలి. గోడలోని స్విచ్చి పెట్టెలో న్యూట్రల్ తీగె ఉంటేగాని చాలా రకాల స్మార్ట్ స్విచ్చులు పనిచేయవు. కొన్ని పాత ఇళ్ళలో అది ఉండదు. డబ్బులు పెట్టి కొన్న తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి గోడ పగలగొట్టాలన్నాడనుకోండి, ఎంత తంటా! ముందే పిలిచి చూపించండి. ఇక కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని వైఫై బల్బులు తమంతట తామే వెలుగుతాయి. అర్ధరాత్రి రెండింటికి ఇల్లంతా దీపావళి అవుతుంది! 'కరెంటు వచ్చినప్పుడు ఆఫ్‌లోనే ఉండు' అని యాప్‌లో చెప్పిపెట్టే వీలు ఉందేమో చూసుకోవాలి. ఇవి ఆఫ్‌లో ఉన్నా పిలుపుకోసం మేలుకొనే ఉంటాయి కనుక ఒక్కొక్కటి ఒక వాటు తాగినా నెలకు ముప్పావు యూనిటు దాకా అవుతుంది. ఒకటి రెండైతే ఫరవాలేదు, ఇరవై పెడితే మాత్రం బిల్లులో తెలుస్తుంది.

ఇంతసేపూ వస్తువుల గురించి చెప్పాను. ఇప్పుడు మనుషుల గురించి చెప్పాలి.

మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉన్నది. డెబ్భై దాటినవి. ఒక్కతే ఉంటుంది. కొడుకు టెక్సాస్‌లో ఉద్యోగం. మంచి కొడుకు, తల్లిమీద ప్రాణం. పోయిన సంక్రాంతికి వచ్చి ఇల్లంతా ఈ సామాను బిగించి పోయినాడు. ముందు గదిలో కెమెరా, వంటింటి దీపం, పడకగది ఏసీ, అన్నీ ఆయన ఫోనులో కనిపిస్తాయి. మొదటి నెల పెద్దమ్మకు సంబరమే. తర్వాత ఏమైందంటే, మధ్యాహ్నం కూరగాయలామె వచ్చి గడపలో కూర్చుంటే అక్కడ అర్ధరాత్రి దాటి మేలుకొని ఉన్న కొడుకు ఫోను చేస్తాడు.

"అమ్మా, ఎవరామె? ఇంతసేపు కూర్చుంది?"

"కూరగాయలామె బిడ్డా. ముప్పై ఏండ్ల సంది వస్తున్నది. నీకు ఎరుకలేదా?"

రాత్రి దీపం ఆర్పడం మరిచిపోయిందనుకొని అక్కడినుండి ఆయన ఆర్పేస్తాడు. ఈమె అప్పుడు బియ్యం ఏరుతూ కూర్చుంది! చీకట్లో చేట పట్టుకొని, "అరే, ఎవరు నువ్వు దీపం ఆర్పనీకి?" అన్నదట. గోడమీద స్విచ్చి వేసి చూసింది. వెలగలేదు. మామూలు స్విచ్చి ఆన్‌లోనే ఉంది, ఆరింది మాత్రం ఫోనులో. రెండుసార్లు ఆపి వేస్తే వెలిగేదే గాని ఆమెకు ఎవరు చెప్పారు? మెల్లమెల్లగా పెద్దమ్మ ముందు గదిలో కూర్చోవడం మానేసింది. తలకు నూనె పెట్టుకోవాలన్నా, కాళ్ళు చాపుకొని కూర్చోవాలన్నా వంటింట్లోకే. "కెమెరా ఉన్న కాడ కొంగు సర్దుకోవాలె గదా" అన్నది నాతో. తన ఇంట్లో తానే చుట్టమైపోయింది.

కొడుకు తప్పు అని నేను అనను. వేల మైళ్ళ దూరంలో ఉన్నవాడికి తల్లి పడిపోయిందేమో, కదలడం లేదేమో అని భయం ఉండదా? కాని చూడడం వేరు, చూస్తున్నారని తెలిసి బ్రతకడం వేరు. ఆ కెమెరాలో పడేది కొడుకు ఒక్కడే చూస్తాడని కూడా అనుకోవడానికి లేదు. అమెరికాలో రింగ్ అనే కెమెరాల కంపెనీ ఉద్యోగి ఒకడు ఆడవాళ్ళ పడకగదుల, స్నానాలగదుల వీడియోలు వేలకొద్దీ చూశాడని అక్కడి ప్రభుత్వసంస్థ 2023లో కేసు పెట్టింది. ఆ కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నది. పడకగదిలో, పిల్లలు బట్టలు మార్చుకొనే చోట ఇంటర్నెట్ కెమెరా ఎట్టి పరిస్థితిలోనూ వద్దని నేను ఖండితంగా చెబుతాను.

పెద్దమ్మ మాటలు నేను ఆ అబ్బాయికి ఫోనులో ఉన్నదున్నట్లు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ముందు గదిలోని కెమెరా తీయించి గేటుకు మార్పించాడు. ఎలక్ట్రీషియన్‌చేత వంటింటి బల్బుకు బదులు గోడ స్విచ్చి పెట్టించాడు. నొక్కితే నొక్కినట్లు వెలుగుతుంది, ఫోనులోనూ కనిపిస్తుంది. పొద్దున తొమ్మిదింటిలోగా వంటింటి దీపంగాని తలుపుగాని కదలకపోతే ఆయనకు కబురు పోయేట్టు పెట్టుకున్నాడు. ఆ కబురు పోతే ముందు పక్కింటికి ఫోను చేయాలని ఒప్పందం. ఏసీ సంగతిలో మాత్రం తల్లీకొడుకులకు ఇంకా తగాదానే.

కొడుకులే కాదు. బస్సులో కలిసిన ఒకామె చెప్పింది, "మధ్యాహ్నం రెండుగంటలు ఏసీ వేసుకుంటే ఆయన ఫోనులో లెక్క పోతుందక్కా. సాయంత్రం వచ్చి అడుగుతరు" అని. ఇంట్లో ఎక్కువసేపు ఉండేది మనం, ఖాతా మాత్రం ఆఫీసుకు పోయేవారి పేర! ఈ యాప్‌లలో ఒక ఇంటికి ఇద్దరు ముగ్గురిని సభ్యులుగా చేర్చే వీలు ఉంటుంది. బిగించినరోజే మీ ఫోనులో కూడా ఆ యాప్ పెట్టించుకొని, సమానమైన అధికారంతో మీ పేరు చేర్చమనండి. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. బీరువా తాళంచెవి రెండోది అడిగినట్లే ఇదీను.

ఇదంతా విని ఇవేవీ వద్దని నేను అంటున్నానని అనుకోవద్దు. మా బంధువులలో ఒకామెకు చిన్నప్పుడే పోలియో వచ్చి కాలు పడిపోయింది. మంచం దిగి స్విచ్చిబోర్డు దాకా పోవాలంటే ఆమెకు పెద్ద పని. ఇప్పుడు పడుకున్నచోటనే పలికి ఫ్యాను తగ్గించుకుంటుంది. మాటలు వినే అలెక్సా పెట్టె మన దేశానికి 2017లో వచ్చింది, హిందీ 2019లో నేర్చింది. ఆమె స్కూలు చదువు ఉర్దూలో అయినందువల్ల హిందీలో చెప్పడం తేలిక. "ఇన్నేండ్లకు పిల్లలను బతిమాలకుండా దీపం ఆర్పుకున్న" అన్నది. ఆ మాట విన్న తర్వాత ఈ సామానును నేను ఎట్లా తీసిపారవేస్తాను? అయితే ఆ పెట్టెలో మన మాటలు దాచబడుతాయనీ, వాటిని యాప్‌లోకి పోయి చెరిపివేయవచ్చుననీ ఆమెకు చూపించాను. పిల్లల గొంతులు తల్లిదండ్రులు చెరిపేయమన్నా పూర్తిగా చెరపలేదని 2023లోనే అమెజాన్‌కు అమెరికాలో రెండున్నర కోట్ల డాలర్ల జరిమానా పడింది.

చివరగా తాళాల సంగతి. కెమెరాతోపాటు కంపెనీవారు ఇచ్చే పాస్‌వర్డు అలాగే ఉంచుకోకండి. 2016లో దొంగలు అటువంటి పాస్‌వర్డులున్న కెమెరాలను, రౌటర్లను లక్షలకొద్దీ వశపరచుకొని, వాటిచేత ఒక్క వేటుగా దాడి చేయించి అమెరికాలో పెద్దపెద్ద వెబ్‌సైట్లను కొన్ని గంటలపాటు ఆపివేశారు. మన ఇంటి కెమెరా మనకు తెలియకుండా దొంగల కూలికి పోయిందన్నమాట! కొత్త పాస్‌వర్డు పెట్టి, దాన్ని చాకలిపద్దు పుస్తకంలోనో, రేషన్ కార్డు ఉన్న కవరులోనో రాసిపెట్టండి. ఫోనులోనే రాస్తే ఫోను పోయినప్పుడు రెండూ పోతాయి. ఇల్లు మారేటప్పుడు, పాత బల్బో కెమెరానో ఎవరికైనా ఇచ్చేటప్పుడు ముందుగా యాప్‌లోనుండి దాన్ని తొలగించి, ఆ కంపెనీవారు చెప్పిన పద్ధతిలో రీసెట్ చేయండి. లేకపోతే అది కొత్త ఇంట్లో కూర్చుని కూడా పాత యజమాని మాటే వింటుంది.